మున్నీ మెడ కింద మచ్చ

ఆ చలికాలమంతా నా భార్య ఒక కుందేలుతో కాపురం చేసింది. నేనూ అదే ఇంట్లో ఉన్నాను, పొయ్యికి అటువైపు.

దాన్ని తెచ్చింది నా తమ్ముడు దాబే. వాడు మనాలికి వచ్చేపోయే టూరిస్టులను జీపులో తిప్పేవాడు. ఆపిల్ కోతలు అయిపోయి, మొదటి మంచు ఎదురు కొండ నడుం దాకా దిగిన రోజున కోటు లోపల దాచుకొని ఇంటికి తెచ్చాడు. తెల్లటి అంగోరా కుందేలు, ఆడది. ఎర్రటి కళ్ళు, చెవుల చివర కుచ్చులు. తెచ్చి నా భార్య ఉత్తమ ఒళ్ళో పెట్టాడు.

"ఇదిగో వదినా, నీకు తోడు" అన్నాడు.

నా భార్యకు తోడు కావాలని నా తమ్ముడికి ఎలా తెలిసింది? ఈ మాట ఇప్పటిదాకా నేను ఎవరినీ అడగలేదు. ఆ రోజు మాత్రం బీడీ ముట్టించుకొని బయటికి పోయాను.

వాడు మొదటి నుంచీ అంతే. ఏది తెచ్చినా ఎదుటివాళ్ళకు లోపల్లోపల కావలసిందే తెస్తాడు. నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించి మగ్గం గుంటలోకి దించారు. వాడిని పదో తరగతి దాకా చదివించారు. వాడి చేతికి పెన్ను, నా చేతికి మగ్గం నాడె. ఇప్పుడు వాడి భార్య శుక్రి కడుపుతో ఉంది. మాకు పుట్టీ పుట్టగానే పోయిన ఒక్కదాని ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం కూడా ఒక రకంగా ఎత్తడమే.

ఉత్తమ కుందేలుకు మున్నీ అని పేరు పెట్టింది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక ఆడపిల్లను అలా పిలుస్తారు. మా ఇంట్లో ఆ పిలుపు వినపడటం అదే మొదలు.

రోజూ సాయంత్రం వంట కాగానే పొయ్యి పక్కన కూర్చొని దాన్ని ఒళ్ళోకి తీసుకునేది. ముందు దువ్వెనతో చిక్కు తీసేది. తర్వాత మెడ దగ్గర నుంచి తోక దాకా అరచేత్తో నిమిరేది. మళ్ళీ మెడ దగ్గర నుంచి. నేను తిని చెయ్యి కడుక్కున్నా, పక్క పరుచుకున్నా ఆ చెయ్యి ఆగేది కాదు. కుందేలు కళ్ళు సగం మూసి, పళ్ళు కటకటలాడించేది. సుఖంగా ఉంటే అలా చేస్తుందట.

"అది నా దువ్వెన" అన్నాను ఒకరోజు.

"నీ తల మీద దువ్వడానికి ఏం మిగిలిందని" అంది ఉత్తమ.

అమ్మ నవ్వింది. శుక్రి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. దాబే అయితే రొట్టె ముక్క గొంతుకు అడ్డం పడేంతగా నవ్వాడు. నేను టోపీ సర్దుకున్నాను. ఇంట్లో కూడా టోపీ తీయకపోవడం అప్పటి నుంచే అలవాటయింది.

మాఘంలో మంచు వాకిలి దాకా వచ్చింది. ఆ నెలలో మా ఊరి దేవుడు స్వర్గానికి పోతాడు. గుడి తలుపులు మూస్తారు. ఏ కష్టం వచ్చినా పూజారికి పూనకం రాదు, అడగడానికి ఎవరూ ఉండరు. సరిగ్గా అప్పుడే ఉత్తమ ఒక సాయంత్రం దువ్వెన ఆపి, కుందేలును దీపానికి దగ్గరగా పట్టుకుంది.

ఆడ కుందేలుకు మెడ కింద ఆవు గంగడోలులా ఒక మడత ఉంటుంది. ఆ మడత మీద, రూపాయి బిళ్ళంత మేర బొచ్చు లేదు. గులాబీ రంగు చర్మం పచ్చిగా కనిపిస్తోంది.

అమ్మ కళ్ళద్దాలు లేకుండానే తేల్చేసింది. తామర అంది. దూడలకు వచ్చేదే, మనుషులకూ అంటుకుంటుంది అంది. ఇంట్లో నెలలు నిండుతున్న మనిషి ఉందని, పుట్టబోయే బిడ్డ ఒంటికి అంటితే ఎవరు జవాబు చెబుతారని అడిగింది. ఆ క్షణం నుంచి శుక్రికి కిందికి దిగడం నిషేధం. కుందేలుకు పైకి ఎక్కడం నిషేధం. కింద పశువుల కొట్టం, దాన్ని ఆనుకొని నా మగ్గం గది. ఆవుల వెచ్చదనం గోడలోంచి వస్తుంది కాబట్టి కుందేలును అక్కడ ఉంచారు. అంటే దానికి ఇచ్చింది నా గది.

"దేవుడు తిరిగొచ్చే రోజుకి ఇల్లు శుద్ధిగా ఉండాలి. ఆ లోపల మచ్చయినా పోవాలి, కుందేలైనా పోవాలి" అంది అమ్మ.

ఉత్తమ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. "అది పోతే నేనూ పోతాను అత్తయ్యా" అంది, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

అమ్మ దాన్ని కోపం అనుకుంది. నాకు తెలుసు, కోపం కాదు. నదికి అవతల ఉత్తమ వాళ్ళ అన్నకు పెద్ద ఆపిల్ తోట ఉంది, పనికి మనుషులు చాలరు. ఎప్పుడు వచ్చినా గది ఉందని ఆయన నా ముందే రెండుసార్లు అన్నాడు. ఆమె వెళ్తే తిరిగి పిలుచుకు రావడానికి మా మధ్య పిల్లలు లేరు. ఉన్నది ఒక కుందేలు. అది కూడా ఆమె వెంటే పోతుంది.

కాబట్టి ఆ కుందేలు చావాలని రోజూ కోరుకునే నేనే దానికి వైద్యం మొదలుపెట్టాను.

పశువుల ఆసుపత్రి మంచుకు అవతల ఉంది. మా దగ్గర ఉన్నది దేవదారు నూనె. నల్లగా, చిక్కగా ఉంటుంది. దూడల తామరకు, మేకల గజ్జికి మా తాతల నుంచీ అదే మందు. ఉత్తమ కుందేలును వెల్లకిలా పట్టుకునేది, నేను గుడ్డపీలికతో మచ్చ మీద రాసేవాణ్ణి. అది వెనక కాళ్ళతో తన్నేది. నా ముంజేతుల మీద ఆ గీతలు వసంతం దాకా ఉన్నాయి.

"మండుతోందా తల్లీ? అయిపోయింది, అయిపోయింది" అనేది ఉత్తమ.

నెత్తురు కారుతున్నది నా చేతి నుంచి. అడిగింది దాన్ని.

అయినా ఒక మాట చెప్పాలి. ఆ బొచ్చులో మచ్చ అంచు వెతికేటప్పుడు ఆమె వేళ్ళూ నా వేళ్ళూ తగిలేవి. పక్కపక్కనే తల వంచుకొని కూర్చునేవాళ్ళం. ఆమె జుట్టుకు పొయ్యి పొగ వాసన, నా చేతులకు దేవదారు వాసన. ఎన్నాళ్ళయిందో అలా కూర్చొని. పొద్దుట మగ్గం గదిలోకి వెళ్ళగానే మచ్చ తగ్గిందేమో చూసేవాణ్ణి. తగ్గకపోతే బాధపడ్డానా, సంతోషపడ్డానా అంటే ఏమో.

తగ్గలేదు. పెరిగింది. మెడ కింది నుంచి రొమ్ము మీదికి, రొమ్ము మీది నుంచి పొట్ట అంచుకి. ఎంత నూనె రాసినా మర్నాటికి ఇంకొంచెం చర్మం బయటపడేది. ఆవుల కొట్టంలోకి వచ్చిపోతూ అమ్మ దూరం నుంచే చూసి పెదవి విరిచేది.

నేను నేతగాణ్ణి. ఉన్ని విషయంలో నా కళ్ళు ఊరుకోవు. తామర పడితే బొచ్చు రాలుతుంది. రాలితే నేల మీద ఉండాలి. గది మూల మూలా ఊడ్చి చూశాను, ఒక్క పోగు దొరకలేదు. అంగోరా బొచ్చు, అందులోనూ రొమ్ము మీదిది, ఎంత మెత్తనిదో మా ఊళ్ళో చంటిపిల్లకైనా తెలుసు. అది గాలిలో కలిసిపోయే వస్తువు కాదు. ఎవరో తీస్తున్నారు.

అనుమానం ఒకసారి మొదలైతే దానికి దారి వెతకనవసరం లేదు, అదే నడుచుకుంటూ పోతుంది. పైన శుక్రి కిటికీ దగ్గర కూర్చొని పుట్టబోయే బిడ్డకు టోపీ అల్లుతోంది. తెల్లటి టోపీ.

అన్నీ వాళ్ళకే ఉన్నాయి. జీపు వాళ్ళది, చదువు వాళ్ళది, బిడ్డ వాళ్ళది. నా భార్య ఒళ్ళో ఉన్న ఆ ఒక్కదాని రొమ్ము మీది బొచ్చు కూడా వాళ్ళకే కావాలా?

ఆ సాయంత్రం అక్రోటు గింజలు కూరి ఆవిరి మీద ఉడికించిన రొట్టెలు చేశారు. నెయ్యి గిన్నె చుట్టూ అందరం కూర్చున్నాం. నేను ఎవరి వైపూ చూడకుండా అడిగాను, ఆ టోపీకి ఉన్ని ఎక్కడిది అని.

శుక్రి చేతిలోని రొట్టె నెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. నా ప్రశ్న ఎటు పోతోందో ఆమెకు వెంటనే అర్థమైంది. తెలివైన పిల్ల. లేచి, లోపలికి వెళ్ళి, ఉన్ని ఉండ తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద బజారు కాగితం పట్టీ ఇంకా అలాగే ఉంది.

"వాసన కూడా చూడండి బావగారూ" అంది. "మీ నూనె కంపు కొడితే నేను దొంగనే. అత్తయ్య నన్ను మెట్టు దిగనివ్వట్లేదు. కిటికీలోంచి చెయ్యి చాపి పీకానా?"

దాబే కంచం పక్కకు జరిపాడు. వాడు అరిచి ఉంటే బాగుండేది. నేనూ అరిచేవాణ్ణి.

"నీ కంట్లో మేం ఎప్పుడూ ఏదో ఒకటి ఎత్తుకుపోతూనే ఉంటాం కదన్నా" అన్నాడు మెల్లగా. "సరేలే. పురుడయ్యాక కులూలో గది తీసుకుంటాను. నీ ఉన్ని నీకుంటుంది."

నేను ఉత్తమ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. నెయ్యి గిన్నె మీద మూత పెట్టింది, ఇంకెవరూ తినరన్నట్టు. అమ్మ గోడకు ఆనుకొని కళ్ళు మూసుకుంది. ఇల్లు రెండు ముక్కలవుతుంటే అమ్మకు తప్పు మోపడానికి ఒకటి కావాలి. పెద్దకొడుకునైన నన్ను పంపలేదు కదా.

"రేపు పొద్దున్నే ఆ కుందేలు ఈ ఇంట్లోంచి పోవాలి" అంది.

తెల్లారేసరికి ఉత్తమ మూట కట్టేసుకుంది. రెండు జతల బట్టలు, మందపాటి ఉన్ని దుప్పటి, పైన నా దువ్వెన. కుందేలు కోసం వీపున తగిలించుకునే బుట్టలో గడ్డి పరిచింది. ముందు పొయ్యి ముట్టించి అందరికీ టీ పెట్టడానికి కూర్చుంది. అంత మర్యాదగా పోతోందంటే తిరిగి రాదని అర్థం.

నేను కిందికి దిగాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు నేను వెళ్ళే చోటు ఒకటే. పాత పడుగు అయిపోయాక మగ్గం ఖాళీగా ఉంది. కొత్త పడుగు వసారాలో తోడుతుండటంతో గుంటలోకి కాలు పెట్టి చాలా రోజులైంది, గది ఊడ్చిన రోజు కూడా దాంట్లోకి చూడలేదు. అలవాటుగా పలక మీద కూర్చొని, తొక్కుడు చెక్కల కోసం కాళ్ళు కిందికి దించాను.

మాఘంలో ఆ గుంట ఐసుగడ్డలా ఉంటుంది. నా ఎడమ కాలు వెచ్చటి దాంట్లో దిగింది.

వెంటనే కాలు పైకి లాక్కున్నాను. వంగి చూశాను. గుంట మూలన, చెక్కల వెనక, గడ్డి గుండ్రంగా చుట్టి ఉంది. దాని మధ్యలో తెల్లటి బొచ్చు, పిడికెళ్ళకొద్దీ, లోపలికి నొక్కి నొక్కి సర్ది ఉంది. మధ్య మధ్య నా పేక దారపు ముక్కలు, ఎర్రవీ పచ్చవీ. నేను కత్తిరించి పారేసినవి. అంత ఒద్దికగా నేను కూడా ఏదీ నేయలేదు.

గడ్డివాము పక్క నుంచి మున్నీ వచ్చింది. నోటినిండా అడ్డంగా గడ్డిపరకలు, మీసాల్లా. నన్ను చూసి ఒక క్షణం ఆగింది. మనిషి కాదు, స్తంభం అనుకుంది కాబోలు, గుంటలోకి దిగింది. గడ్డిని అంచున సర్దింది. తర్వాత తల వంచి, తన రొమ్ము మీది బొచ్చును పళ్ళతో పట్టుకొని పీకింది. పీకి, దాన్ని గూట్లో పెట్టి, మూతితో అదిమింది. మళ్ళీ పీకింది. నొప్పి పుట్టదా అనుకున్నాను. పుట్టినా ఆగేట్టు లేదు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఉత్తమ బుట్ట పట్టుకొని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను పక్కకు జరిగాను. ఆమె మగ్గం కింద తల పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు.

మేం ఎంతకీ పైకి రాకపోయేసరికి శుక్రి నిషేధం మరిచి మెట్లు దిగింది, పొట్ట పట్టుకొని, గోడ పట్టుకొని. వెనకే అమ్మ, వద్దు వద్దంటూ. శుక్రి గుంటలోకి తొంగిచూసి, "అయ్యో, ఇదా" అంది. "ఇది తామర కాదక్కా. మా పుట్టింట్లో ఒక కుందేలుకు ఇలాగే అయింది. మగదాని మొహం చూడకపోయినా సరే, వీపు మీద ఊరికే నిమురుతూ ఉంటే కడుపొచ్చిందనుకుంటాయి. పిల్లలకు గూడు కడతాయి. నన్ను ముందే చూడనిస్తే అప్పుడే చెప్పేదాన్ని."

ఎంత నిమిరితే అలా అవుతుందో నాకు తెలుసు. రోజూ పొయ్యికి అటువైపు నుంచి చూసిందే కదా.

"అయితే పిల్లలు పుట్టరా?" అంది ఉత్తమ.

"లేని పిల్లలు ఎక్కడ పుడతారక్కా" అనేసి, శుక్రి నాలుక కరుచుకుంది.

ఆవు ఒకటి చెవులు విదిలించుకుంది. అమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, కష్టపడి వంగింది. గూడు చూసింది. దేవదారు నూనె మరకలు పడ్డ ఆ కుందేలు బోసి రొమ్మును చూసింది. తర్వాత ఉత్తమ చేతిలోని బుట్టను తీసుకొని, తిరగేసి, లోపలి గడ్డిని ఆవు ముందు వేసింది.

"బాలింతను గడప దాటిస్తామా ఎక్కడైనా" అంది.

"పిల్లలు లేరు కదా అత్తయ్యా" అంది ఉత్తమ.

"ఉంటేనే పురుడా?" అంది అమ్మ. "గూడు కట్టింది. అది తల్లే."

పుట్టీ పుట్టగానే పోయిన మా ఒక్కదాని గురించి అమ్మ మా ఇద్దరితో మాట్లాడింది అదే. కుందేలును చూస్తూ మాట్లాడింది. తర్వాత శుక్రిని కసురుకుంటూ పైకి తీసుకుపోయింది, ఈ చలిలో ఎవరు దిగమన్నారని.

నేను ఆ రోజు మగ్గం ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. కొత్త పడుగు తోడి చుట్టి పెట్టి ఉంది, వసంతానికి ఇవ్వాల్సిన శాలువలు ఉన్నాయి. ఎందుకు కూర్చోలేదని దాబే అడిగితే నడుం పట్టిందన్నాను. వాడు నమ్మలేదు, అయినా ఊరుకున్నాడు. ఉత్తమ వింది. ఆ సాయంత్రం నా కంచంలో నెయ్యి ఎక్కువ పడింది.

కొన్నాళ్ళకు మున్నీ తనంతట తనే గూటిని మరిచిపోయింది. ఏమీ జరగనట్టు ఆకులు నములుతూ తిరిగింది. మెడ కింద కొత్త బొచ్చు పొడుచుకొచ్చింది. ఉత్తమ దాన్ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది, ఈసారి నిమరకుండా, చెయ్యి ఊరికే పక్కన పెట్టుకొని. నిమరకుండా ఉండటం ఆ చేతికి ఎంత కష్టంగా ఉందో నాకు కనిపించేది.

ఫాల్గుణంలో దేవుడు తిరిగొచ్చాడు. శుక్రికి కొడుకు పుట్టాడు. బజారు ఉన్ని టోపీ వాడికి సరిపోయింది. మంచు కరగగానే దాబే అన్నమాట ప్రకారం కులూలో గది తీసుకున్నాడు. జీపు ఎక్కేటప్పుడు నా కాళ్ళకు దండం పెట్టాడు, వదినను మాత్రం పండక్కి రమ్మన్నాడు. ఇప్పటికీ వాడి పొయ్యి వేరు, మా పొయ్యి వేరు.

వాళ్ళు వెళ్ళక ముందే ఉత్తమ గూటిలోని బొచ్చును ఏరి పెట్టుకుంది. గడ్డిపరకలు, నా దారపు ముక్కలు ఒక్కొక్కటీ వేరుచేసి, తకిలీ మీద వడికింది. ఎవరి కోసమని నేను అడగలేదు. ఎవరి కోసమో తెలుసనుకున్నాను. ఆ ఇంట్లో కొత్తగా వచ్చిన ప్రతి మెత్తనిదీ ఎటు పోతుందో నాకు తెలియదా? ఆమె అల్లుతుంటే అటు చూడటం కూడా మానేశాను.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే మగ్గం దగ్గర కూర్చున్నాను. గుంట ఇంకా చల్లగానే ఉంది. కాళ్ళు దించితే, తొక్కుడు చెక్క మీద ఏదో మెత్తగా తగిలింది. మళ్ళీ మొదలెట్టిందా ఈ కుందేలు అనుకుంటూ వంగాను.

మేజోళ్ళు. ఎడమది తెల్లగా, చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంది, అక్కడక్కడ తేనెరంగు నూనె మరక. కుడిది మామూలు గొర్రె ఉన్ని, గరుకు. బొచ్చు ఒక్క కాలికే సరిపోయింది.

పైన ఉత్తమ కుందేలుతో ఏదో మాట్లాడుతోంది. నేను రెండూ తొడుక్కొని నేత మొదలుపెట్టాను. ఇన్నేళ్ళయింది, ఆ జత ఇంకా ఉంది. చలికాలం వస్తే వేసుకుంటాను. నాలో అసూయ పోయిందని అమ్మ చనిపోయేముందు ఎవరితోనో అందట. పోలేదు. కుడికాలిలోకి దిగింది.